సైదులు ఊపిరి గీత

2011 జూన్‌లో నేను కోదాడలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో అసోసియేట్ ప్రొఫెసర్‌గా ఉండగా ఒక ప్రాజెక్టు నాకు అప్పగించారు. ఊపిరిని కొలిచే పట్టీ తయారు చేయాలి. సాగే అల్లిక బట్టలో వెండి పూత వేసిన దారం కలిపి చేయించాం. ఛాతీ పొంగితే దారం సాగుతుంది, అందులో కరెంటు ప్రవాహం మారుతుంది. నడుముకు కట్టిన చిన్న డబ్బా ఆ మార్పును నమోదు చేస్తుంది. దాన్ని కంప్యూటర్‌కు కలిపితే ఊపిరి ఒక గీతగా కనిపిస్తుంది.

ప్రయోగశాలలో విద్యార్థుల మీద బాగానే పనిచేసింది. బరువు పని చేసేవాళ్ల మీద కూడా చూద్దామని మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు యజమానిని అడిగాను. ఫలితాల కాగితం తనకూ ఒకటి ఇవ్వాలన్న షరతు మీద ఆయన ఒప్పుకున్నాడు. అందులోని ప్రమాదం నాకప్పుడు తట్టలేదు. హమాలీ ముఠాలో అందరికంటే పెద్దవాడు సైదులు. పట్టీ కట్టుకోవడానికి ఆయనే ముందుకొచ్చాడు. పెండ్లికొడుకును చేస్తున్నరని మిగతావాళ్లు ఆటపట్టించారు.

డబ్బా దానంతటదే రాసుకుంటుంది కదా అని నేను మిల్లు ఆఫీసు గదిలో ఏసీ కింద కూర్చున్నాను. దుమ్ము నాకు పడదు.

సాయంత్రం కంప్యూటర్‌లో గీత చూశాను. రెండు మూడు నిమిషాలకోసారి అది ఇరవై సెకన్ల దాకా చదునుగా సాగి, తర్వాత ఒక్కసారిగా ఎగిరింది. పట్టీ చెడిందేమోనని నేనే కట్టుకుని చూశాను, సరిగ్గానే ఉంది. శ్వాస తరచూ ఆగుతోందని, వైద్య పరీక్ష అవసరమని రాసి, సంతకం చేసి, మిల్లుకు ఒక ప్రతి పంపాను. మనిషికి మేలు చేశాననే అనుకున్నాను.

వారం తర్వాత సైదులు బస్సెక్కి కాలేజీకే వచ్చాడు. నా కాగితం చూసి మిల్లు మేనేజరు ఆయన్ను బస్తాలు మోయొద్దన్నాడట. ముఠాలో ఒకసారి చోటు పోతే మళ్లీ దొరకడం కష్టం. నేను గీత చూపించి సంగతి చెప్పాను. ఆయన దాన్ని కాసేపు చూశాడు.

"ఊపిరి ఆగలే సార్, నేనే ఆపిన. బస్తా భుజం మీద పడంగనే తవుడు దుమ్ము లేస్తది. గప్పుడు గాలి పీలిస్తె దగ్గొస్తది, దగ్గితె బస్తా జారుతది. లారీల ఏసేదాక ఊపిరి బిగబడ్తం. మా ముఠల అందరం గంతే. జర బయటికొచ్చి సూస్తే మీకే తెలుస్తుండె."

మర్నాడు మిల్లుకు వెళ్లి దుమ్ములో నిలబడి చూశాను. బస్తా భుజమెక్కి దిగడానికి పట్టే సమయమూ, ఆ చదును గీత పొడవూ ఒక్కటే. వెంటనే రెండో నివేదిక రాసిచ్చాను. మేనేజరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా మీ సంతకమే ఉంది, ఏది నమ్మమంటారని అడిగాడు. ఆయన అడగడంలో తప్పులేదు. నేను సర్కారు దవాఖానలో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తెచ్చేసరికి సైదులు చోటులో ఇంకొకరు చేరిపోయారు. వానాకాలం వడ్లు వచ్చాక గానీ ఆయనకు వేములపల్లి దగ్గర ఒక చిన్న మిల్లులో పని కుదరలేదు. ఆ ముఠాలో మళ్లీ ఎవరూ పట్టీ కట్టుకోలేదు.

నేను రిటైరయ్యేదాకా మా నమోదు పట్టికలో ఒక గడి అదనంగా ఉండేది: ఆ సమయంలో మనిషి ఏం చేస్తున్నాడు? పక్కన నిలబడి చూస్తే తప్ప అది నిండదు. ఆ గడి ఖాళీగా ఉన్న కాగితం మీద నేను మళ్లీ సంతకం పెట్టలేదు.