సంఘం ఫోల్డర్‌లో పడ్డ రొయ్యల రిపోర్టు

ఆ మెయిల్ ప్రోగ్రాం తయారుచేసినవాడెవడో నాకు ఎదురుపడితే చొక్కా పట్టుకుని అడుగుతాను. నేను చెప్పిందొకటి, నువ్వు చేసిందొకటి, ఎవరిచ్చారయ్యా నీకీ పెత్తనం అని.

మా చర్చి సంఘ కార్యదర్శికి మెయిళ్ళ పిచ్చి. పొద్దున వాక్యం, మధ్యాహ్నం ఎవరిదో పుట్టినరోజు, సాయంత్రం స్త్రీల కూడిక ఫొటోలు. అన్నిటికీ సబ్జెక్టు ఒక్కటే, ప్రైజ్ ది లార్డ్. దేవుడి మాట కదా, డిలీట్ చేయడానికి చెయ్యి రాదు. అందుకని ఒక రూల్ పెట్టుకున్నాను. సబ్జెక్టులో ఆ మాట ఉన్న మెయిల్ ఇన్‌బాక్సులోకి రాకుండా నేరుగా 'సంఘం' అనే ఫోల్డర్‌లోకి పోవాలి. సబ్జెక్టులో ఉంటేనే! ఆ గడిలో టిక్కు పెట్టింది నేనే, నాకు బాగా గుర్తు.

అల్లూరు దగ్గర మా అక్క రొయ్యల గుంట చేస్తుంది. పోయిన పంట తెల్లమచ్చల వైరస్ వచ్చి మొత్తం చచ్చిపోయింది. ఈసారి కూడా పోతే గుంట వదులుకోవడమే. అందుకే రొయ్యపిల్లను నీళ్ళలో వదలకముందే, పిల్లను పెంచి అమ్మే హేచరీ నుంచి శాంపిల్ తీసుకెళ్ళి నెల్లూరులో ఒక ల్యాబ్‌లో ఇచ్చాను. అక్కకు మెయిల్ లేదు కాబట్టి రిపోర్టు నాకే పంపమన్నాను.

గురువారం పొద్దున్నే పిల్లను తెచ్చిన హేచరీ వ్యాను గుంట గట్టు మీదికి వచ్చేసింది. అక్క ఫోన్ చేసింది.

"ఏందబ్బయా, రిపోర్టు వచ్చిందా లేదా?"

"రాలేదక్కా. ఇన్‌బాక్సు చూసినా, స్పామ్ చూసినా. యాడా లేదు."

ల్యాబ్‌కు ఫోన్ చేశాను. "నిన్ననే పంపించేసినాం సార్, చూసుకోండి" అని పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తితే ఒట్టు! అవతల వ్యానువాడు ఒకటే తొందర, సంచుల్లో పిల్ల ఎండకు తట్టుకోదట. అక్క మళ్ళీ చేసింది.

"నువ్వు చెప్పరా. వదలాల్నా, వద్దా?"

"చెడ్డదైతే వాళ్ళే ఫోన్ చేసి చెప్పరా? వదిలెయ్ అక్కా" అన్నాను. నిజమే, నా నోటితో నేనే అన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక కార్యదర్శి నన్ను పట్టుకున్నాడు. "కూడిక ఫొటోలు చూసినారా బ్రదర్?" మొహమాటానికి అక్కడే సంఘం ఫోల్డర్ తెరిచాను. ఫొటోల కింద ల్యాబ్ రిపోర్టు ఉంది. దాని సబ్జెక్టులో శాంపిల్ నంబరు తప్ప ఇంకేమీ లేదు. లోపల మొదటి వరుసలో మాత్రం "ప్రైజ్ ది లార్డ్ అన్నా" అని ఉంది. ల్యాబ్‌లో రిపోర్టులు పంపే అమ్మాయి కూడా విశ్వాసే. మేం ఫోనెత్తినా, ఉత్తరం రాసినా ఆ మాటతోనే మొదలుపెడతాం. అదేమన్నా తప్పా? సబ్జెక్టు చూడరా అంటే కడుపులో దూరి వెతకమని దానికి ఎవరు చెప్పారు? రెండో వరుసలో ఆ అమ్మాయి రాసింది: "వైరస్ ఉంది. దయచేసి ఈ పిల్ల వదలొద్దు."

ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే బండి తీసుకుని అల్లూరు పోయాను. అక్క చేతిలో ఫోన్ పెట్టి, రూల్ సంగతి, సబ్జెక్టు సంగతి, ప్రోగ్రాం చేసిన దగా అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆమె అంతా విని, తేదీ మీద వేలు పెట్టింది.

"ఇది బుధవారమే వచ్చుండాదే. నేను నిన్ను అడిగింది గురువారం గదరా."

"అదేనక్కా, ఆ రూలు..."

"ఆ రూలు పెట్టింది ఎవురు?"

"నేనే."

అక్క ఫోన్ నా చేతిలో పెట్టేసి గట్టు మీదికి నడిచింది. జబ్బు పక్క గుంటలకు పాకకముందే బ్లీచింగ్ చల్లి, వదిలిన పిల్లనంతా చంపేయాలి. సాయంత్రానికి అక్క తెప్పించిన బ్లీచింగ్ పౌడర్ సంచులు గట్టు మీద దించి ఉన్నాయి. ఒకటి భుజానికెత్తుకోబోయాను.

"నువ్వొద్దులే, పక్కన కూర్చో" అంది.

పోయిన పంటప్పుడు నా భుజం మీద పడి ఏడ్చిన మనిషి. ఈసారి ఏడవలేదు. నా మొహం కూడా చూడలేదు.