నల్లగోడ మీద నీళ్ళ బొమ్మ

ఈ ఉదయం వేలూరు పక్కన సత్తువాచారిలో, నా అద్దెగదిలో టీ గిన్నె అడుగున పేరుకున్న తెల్లటి పొరను చెంచాతో గీరుతుంటే, ఆ కరకర శబ్దానికి మునిరత్నమన్న గుర్తొచ్చాడు. కనుక సిద్ధంగా ఉండండి. ఒక్క కుంచెతో రెండు పార్టీలను గడగడలాడించిన మహావీరుడి గాథ చెప్పబోతున్నాను. అంటే, నిజానికి గడగడలాడినవాళ్ళు ఎవరూ లేరు. ఒక గోడ, ఒక బక్కెట, మొండిగా నిలబడ్డ ఒక మనిషి, అంతే.

మా ఊరు గుడియాత్తంలో ఆయన గోడల మీద ఎన్నికల రాతలు రాసేవాడు. రెండు పార్టీల గుర్తులూ ఆ చేతివే. మధ్యలో కుంచె మాత్రం కడిగేవాడు. ఆయన సిద్ధాంతం అదొక్కటే. ప్లస్ టూ తప్పిన నాకు అక్షరాల పని ఇచ్చి, బొమ్మలు తను వేసేవాడు. తోళ్ళు ఊనే షెడ్ల పుణ్యమా అని మా వీధి బోరునీళ్ళు ఉప్పు కషాయమయ్యాయి. దూరం నుంచి మంచినీళ్ళు మోసి మోసి ఆయన భార్య నడుం పట్టేసి మంచమెక్కింది. అర్జీ పెడితే వచ్చిన అధికారి గ్లాసును వెలుతురుకెత్తి చూసి, తేటగానే ఉన్నాయన్నాడు. తాగి చూడమంటే, ఆయనకి దాహం లేదట.

"కంటికి కనపడితేనే నమ్ముతారంట. కనపడేట్టు చేస్తాం పా," అన్నాడు మునిరత్నమన్న.

అభ్యర్థి ఊరేగింపు వచ్చే రోజు, ఆ పార్టీ నాయకుడి, అదే తలైవర్ బొమ్మకని మాట్లాడుకున్న గోడకు నల్లరంగు పూసి, ఆ బోరునీళ్ళలోనే కుంచె ముంచి గీయసాగాడు. తడి తప్ప ఏమీ కనిపించలేదు.

"రంగు మరిచిపోయినావా అన్నా, బుద్ధి మరిచిపోయినావా?" అన్నాను.

"నోరు తర్వాత, ముందు బక్కెట పట్టుకోమ్మా."

ఇంతలో ఆ పార్టీ వట్టం కార్యదర్శి, అంటే మా వార్డు పెద్ద, పరుగెత్తుకొచ్చాడు. "ఏందప్పా ఇది? తలైవర్ మొగం యాడ?"

"ఆరతా ఉండాది. రొంచేపు నిలబడు నాయనా."

వేలూరు ఎండ ఏ పార్టీదీ కాదు. నీళ్ళు ఆరేకొద్దీ నల్లగోడ మీద ఉప్పు తెల్లగా తేలి, నడుం వంగిన ఒక ఆడమనిషి, ఆమె చంకలో బిందె కనిపించాయి. ఊరేగింపు ఆగింది. మైకులో పాట మాత్రం ఆగలేదు. ఆపాల్సినవాడూ బొమ్మనే చూస్తున్నాడు. అభ్యర్థి బండి దిగి, ఆ తెలుపును వేలితో గీరి నాలుకకు రాసుకున్నాడు. మొహం వంకరపోయింది.

"ఎన్న పెయింటుప్పా ఇది?" ఇదేం రంగని అరవంలో అడిగాడు.

"మా ఆడోళ్ళు వంటకి వాడే నీళ్ళు సార్."

ఆ వారంలోనే మా వీధికి మంచినీళ్ళ ట్యాంకరు వచ్చింది. ఆ పార్టీ ఆయనకు గోడలివ్వడం మానేసింది. రెండో పార్టీవాళ్ళు భుజం తట్టి మెచ్చుకుని, వాళ్ళూ మానేశారు. అప్పట్నుంచి లారీలకు నంబర్లు రాసి బతికాడు. బాధ లేదా అన్నా అని ఒకసారి అడిగాను.

"నీళ్ళ మోత తప్పినాక మీ వదిన లేచి నడస్తా ఉండాది కదమ్మా. ఇంకేం బాధ?"

నేనిప్పుడు పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. సగం గీసిన బొమ్మను చూసి ఎవరైనా నవ్వితే నా నాలుక దురద పెడుతుంది. అయినా బొమ్మ పూర్తయ్యేదాకా నోరు మూసుకుంటాను. నాలాంటిదానికి ఆ ఓపిక నేర్పినందుకు ఆయనకు రోజూ దండం పెట్టుకోవాలి, గుర్తొచ్చినప్పుడల్లా పెట్టుకుంటాను.

గుడియాత్తంలో మా వీధికి ఆ ట్యాంకరు ఇప్పటికీ వస్తోంది. మంగళ, శుక్రవారాలు, పొద్దున ఆరున్నరకి. ఇంటికి ఎనిమిది బిందెలు. వరసలో బిందె పెట్టిపోతే చెల్లదు, మనిషి ఉండాలి.