కిత్తలి రెక్కల రాకెట్టు

డిగ్రీ పూర్తయ్యాక రెండేళ్లు ఉద్యోగం కోసం ఎదురుచూశాను. ఉద్యోగం మాత్రం నాకోసం ఎదురుచూస్తున్నట్టు ఎక్కడా కనబడలేదు. వారానికోసారి గార్లదిన్నె పక్కనున్న మా ఊరి నుంచి అనంతపురం పోయి ఇంటర్నెట్ సెంటర్లో గంటసేపు కూర్చునేవాణ్ణి. అందులో పది నిమిషాలు ఉద్యోగాలకు, తక్కినవి ఇతర జ్ఞానానికి. ఆ ఇతర జ్ఞానంలో దొరికిందే ఈ ప్లాను.

నేను పుట్టకముందు అమెరికాలో పిల్లలకు అమ్మిన బొమ్మ రాకెట్టు అది. ఆ కిట్టు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఎవరో అభిమాని పాత కాగితాలన్నీ స్కాన్ చేసి పెట్టాడు. నిట్టనిలువునా ఎగిరి, మందు కాలిపోగానే ఖాళీ మందు గొట్టాన్ని వదిలేసి, రెక్కల మీద గద్దలా తేలుతూ దిగుతుంది. అచ్చం అలాంటిదే చేయాలనుకున్నాను. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే మానేసేవాణ్ణేమో. ఎవరూ అడగలేదు.

ప్లానులో బాల్సా చెక్క అని ఉంది. కలప అడితీలో అడిగితే టేకు, వేప, తుమ్మ ఉన్నాయన్నారు. వేప రెక్కలతో ఎగిరే వస్తువును నేనెరగను. చివరికి మా పొలం గట్టు మీదే దొరికింది. కిత్తలి ముళ్ల మట్టల నడుమ నుంచి లేచే పొడవాటి కాడ, పూసి ఎండిపోయాక లోపలంతా బెండులా ఉంటుంది. హాక్సా బ్లేడుతో దాన్ని పలచగా కోసి, ఉప్పు కాగితంతో రుద్ది రెక్కలు, తోక చేశాను. ముందంచు గుండ్రంగా, వెనకంచు కత్తిలా ఉండాలట. మూడు చీలిపోయాక నాలుగో జత నిలిచింది. మిగిలిపోయిన అక్క పెళ్లిపత్రికలను సైకిలు పంపు మీద చుట్టి గొట్టం చేశాను. ముక్కులో బరువుకు సైకిలు చక్రంలోని ఇనుప గుండ్లు. ఇంటర్నెట్ సెంటర్లో కాగితానికి సరిపోయేట్టు ప్లానును కుదించి ప్రింటు తీశారని అంతా అంటించాక గమనించాను. అసలుదాని కంటే నాది వేలెడు పొట్టి. అమెరికావాళ్ల పక్కన నేనూ అంతే కాబట్టి సర్దుకున్నాను.

మందు కోసం పక్క ఊళ్లో ఉరుసులకూ జాతరలకూ బాణాలు కట్టే సాయిబు దగ్గరికి పోయాను. ఆయన నా రాకెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తారాజువ్వకు రెక్కలా? కాలిపొయ్యేదానికి ఇంత సోకెందుకప్పా?"

"మెల్లగా దిగాల అన్నా."

"ఇన్నేండ్లుగా కడతాండా. మెల్లగా దిగేది కావాలని ఒక్కడూ అడగల్యా" అన్నాడు. అంటూనే కట్టిచ్చాడు.

అది విత్తే కాలం. మబ్బులు రోజూ వచ్చి, గాలికి అటే పోతున్నాయి. ప్రభుత్వం విమానాలతో మబ్బుల మీద వాన మందు చల్లిస్తున్న రోజులు కూడా అవే. ఆకాశంలో ఏ చప్పుడైనా ఊరంతా తలెత్తేది. నేను పొలంలో రాకెట్టు నిలబెడుతుంటే పక్క చేని మామ గట్టు దాటి వచ్చాడు. చుట్టం కాదు, పిలుపుకు మామ. వెనక ఇంకో నలుగురు వచ్చారు.

"ఏందల్లుడూ అది?"

"రాకెట్టు మామా."

"యాడికి కొడ్తావు? మబ్బుకా?"

కాదంటే సరిపోయేది. "సర్కారోళ్లు పైకి పొయ్యి చల్లుతారు. మనం ఈడ్నుంచే కొడ్తాం. మందు అదే" అన్నాను.

నలుగురూ నవ్వారు. మామ నవ్వలేదు.

"ఎన్ని దినాలకు పడ్తాది?"

"మూడు దినాలు" అన్నాను, డాక్టరు మాత్రలు రాసిచ్చినంత నమ్మకంగా.

నిప్పు పెట్టాను. బుసకొడుతూ లేచింది. కనుచూపు చివర టప్పుమని మందు గొట్టం ఊడింది. ఆ తర్వాత, నిజంగానే, తేలింది. రెండు చుట్లు తిరిగి మామ చేనులో దిగింది. అప్పటికి నా జీవితంలో అనుకున్నట్టు జరిగిన పని అదొక్కటే. మామే పోయి, దుమ్ము ఊది, రెండు చేతులతో తెచ్చిచ్చాడు.

రెండో రోజు సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. దుమ్ము అణిగింది, అంతే. మావైపు విత్తడానికి ఒక పద్ధతుంది. వేళ్లతో మట్టి తవ్వి, జానెడు లోతు దాకా తడి ఉండి, పిడికిట్లో ముద్ద కడితేనే పదునైనట్టు. అప్పుడే విత్తే గొర్రు కడతారు. ఊళ్లో ఎవరూ కట్టలేదు. మూడో రోజు పొద్దున మామ కట్టాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని వలిచిన విత్తన శనక్కాయలవి. అవి పోతే మళ్లీ విత్తడానికి ఆయనింట్లో గింజ లేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు.

చెప్పాలనే గట్టు మీదికి పోయాను.

"పదును చూసినావా మామా?"

"పైన తడిసినాది గదా. కింది తడి నీ మందు తెస్తాది. మూడో దినం ఈ పొద్దే."

గొర్రు వెంట నడుస్తూ ఆయన భార్య గింజలు వదులుతోంది. కూలీలు వింటున్నారు. వాన మందు లేదు, నిన్ను ఎగతాళి చేశాను అనడానికి ఎన్ని మాటలు కావాలి? చదువుకున్నవాణ్ణి, మాటలకు కరువు లేదు. "గాలి ఎక్కువుండాది మామా" అని చెప్పి ఇంటికొచ్చేశాను.

మూడో రోజు ఎండ కాసింది. ఆ తర్వాత రోజులూ కాసింది. మొక్కలు అక్కడొకటి, ఇక్కడొకటి లేచి, రెండేసి ఆకులతో వాడిపోయాయి. అప్పుడు మామ మా ఇంటికొచ్చాడు.

"అల్లుడూ, ఇంకోటి కొట్టల్ల. ఒకటి చాలినట్టు లేదు. మందు అయిపోయింటే చెప్పు, సాయిబు తావకి నేనే పోతా."

"అది ఆటబొమ్మ మామా. దాంట్లో వాన మందు లేదు. ఉత్త తారాజువ్వ మందు."

ఆయన లేచాడు.

"విత్తే దినం గట్టు మీదికి వచ్చింటివే. అప్పుడు తెలుసునా నీకు?"

"తెలుసు."

"సగం గింజ ఇంకా సంచిలోనే ఉండె అప్పుడు" అన్నాడు. గొంతు పెంచలేదు. చెప్పులేసుకుని పోయాడు.

మరుసటి రోజు పశువులకు పనికొస్తాయని ఆ ఎండు మొక్కలను మామ పీకుతుంటే నేనూ పోయి ఒక సాలు పట్టాను. ఆయన రమ్మనలేదు, పొమ్మనలేదు. మధ్యాహ్నమైనా నా సాలు సగం దాటలేదు. తనది ముగించి, ఆయన నా సాలునే అవతలి కొస నుంచి పీకుతూ ఎదురొచ్చాడు. మధ్యలో కలిశాం. ఇద్దరి చేతుల్లోనూ గుప్పెడేసి ఎండు మొక్కలు. ఆ నిమిషంలో నాకున్న భయం ఒక్కటే, నోరు తెరిస్తే ఏదైనా జోకు వేస్తానేమోనని.