పంటితో బిగించిన గుళ్ళు

నాగాయలంకలో విసురు వల కొనేవాడెవడైనా ముందు గుళ్ళు చూస్తాడు. బరువు కోసం అంచున వరుసగా కట్టే ఆ లోహపు గుళ్ళు జారితే వల నీళ్ళలో సమంగా మునగదు, చేప కిందనుంచి తప్పించుకుపోతుంది. సత్యవతి కట్టిన వలలో గుండు జారిందని ముప్పై ఏళ్ళలో ఒక్కడూ అనలేదు. పాత బ్యాటరీల్లోంచి తీసిన లోహాన్ని అన్నం వండే పొయ్యి మీదే గరిటెలో కరిగించి, రేకులుగా పోసి, ముక్కలు కోసి, దారానికి చుట్టి, పంటితో కొరికి బిగించేది. పుట్టింట్లో తల్లి దగ్గర నేర్చిన పని. పటకారు ఎందుకు వాడవని అడిగితే, "పటకారుకి దారం ఎక్కడుందో తెలవదండీ, పంటికి తెలుస్తుంది" అని నవ్వేది. నవ్వితే అరిగిపోయిన ముందుపళ్ళు కనపడేవి.

ఆవిడ కొడుకు హనోకుకి నేను ఐదో తరగతి దాకా చదువు చెప్పాను. చెప్పాను అనుకోవడం నా గొప్పకే. నిన్న నేర్పిన ఎక్కం వాడికి ఇవాళ ఉండేది కాదు. పక్కవాడు పలక జరిపితే చాలు, మీదపడి కరిచేవాడు. కాసేపటికి తనే ఏడ్చేవాడు. ఇంటిదగ్గర మాత్రం పనిమంతుడు. ఆరేళ్ళకే తల్లి పక్కన కూర్చుని గుళ్ళు కొరికేవాడు. పాలపళ్ళు ఊడి ఆ పని ఆగిపోయిందని గోల చేస్తే, దవడ పళ్ళతో కొరకడం తల్లే నేర్పింది. చెల్లెలు గ్రేస్‌కి ముందుపళ్ళ మధ్య సందు. ఆ పిల్ల కొరికితే గుండు బిగిసేది కాదు. పనికి రాదని ఆ పిల్లని చదువుకే వదిలేశారు. ఇప్పుడు గుడ్లవల్లేరులో ఇంజనీరింగు చదువుతోంది.

పోయిన ఏడు చల్లపల్లి బస్టాండులో హనోకు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నాడు. రషీద్ అనే దర్జీ ఆ కర్చీఫ్ పక్కన పెట్టి కూర్చున్నాడు. మన బస్సుల్లో రోజూ జరిగేదే, నాలుగు మాటలనుకుని సర్దుకుంటారు. వీడు చేతిలో ఉన్న స్టీలు క్యారియర్‌తో ఆయన తల మీద కొట్టాడు. ఆయన పడిపోయాక కూడా కొట్టాడు. మూడో రోజు రషీద్ చనిపోయాడు. హనోకు బందరు జైల్లో ఉన్నాడు.

అప్పట్నించి సత్యవతికి ఒకటే తపన. తన కొడుకు అలాంటివాడు కాదని ఎవరైనా అనాలి. ఎవరంటారు? నేనే అనలేకపోయాను.

ఈ వేసవిలో ఆవిడకి కడుపునొప్పి, నీరసం ఎక్కువైతే బందరులో హేమ అనే డాక్టరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఏం పని చేస్తారని అడిగి, ఆమె రక్తం పరీక్ష చేయించారు. రిపోర్టు చూసి, "మీ ఒంట్లో సీసం చాలా ఉందమ్మా" అన్నారు.

సత్యవతి మొహం ఎర్రబడింది. "నేను సీసా ముట్టే మనిషిని కాదండీ. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. కావాలంటే మాస్టార్ని అడగండి."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

గుళ్ళు చేసే ఆ లోహం పేరే సీసమని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. పిల్లలకైతే ఇంకా చేటని, మెదడు ఎదిగే వయసులో లోపలికి పోతే చదువు ఎక్కదని, కోపం అదుపులో ఉండదని చెప్పారు. సత్యవతి కుర్చీ అంచుకి జరిగింది.

"కోపం కూడానా అండీ?"

"అవకాశం ఉందమ్మా. అలాంటి పిల్లలు పెద్దయ్యాక కొట్లాటలకీ నేరాలకీ పోవడం ఎక్కువని కొందరు పరిశోధన చేసి చెప్పారు. అంత లేదని ఇంకొందరంటారు."

"ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి. ప్లీడరుగారికి చూపిస్తాను."

డాక్టరుగారు పెన్ను తీసి మళ్ళీ పెట్టేశారు. "వందమంది గురించైతే ఏదో చెప్పగలం. మీవాడొక్కడు ఎందుకు కొట్టాడో నేను రాయలేను. ఇప్పుడు వాడి రక్తం చూసినా, ఆరేళ్ళప్పుడు ఎంత ఉండేదో తెలీదమ్మా."

డాక్టరుగారు పటకారు వాడమన్నారు కదా అని ఆ వారం పటకారుతోనే కట్టింది. గుళ్ళు జారాయని వల తిరిగొచ్చింది. మళ్ళీ పంటికే పని చెప్పింది. వద్దని అరిచాను. "మరి గ్రేస్ చదువు మీరు చెప్పిస్తారా?" అంది.

తన రిపోర్టే పట్టుకుని ప్లీడరు డేవిడ్ రాజు దగ్గరికి నన్ను లాక్కెళ్ళింది. "ఇది నీ రక్తం కదమ్మా" అన్నాడాయన. "పోనీ, సీసం వల్లే చేశాడంటాం. అలాంటివాణ్ణి బయటికెలా వదలమంటారని జడ్జిగారు అడిగితే నేనేం చెప్పను?" కాగితం మడిచి ఇచ్చేశాడు. నాకు కోపమొచ్చింది గానీ ఆయన మాటలో తప్పేమీ కనపడలేదు. రషీద్ భార్య రోషన్ బీకి ఈ సీసం సంగతి చెప్పినా, ఆవిడ దాన్నేం చేసుకుంటుంది?

ఆ మధ్యాహ్నమే జైలుకి వెళ్ళాం. జాలీకి అవతల హనోకు చిక్కిపోయి ఉన్నాడు. సత్యవతి ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పింది. "నువ్వు కాదురా అయ్యా. గుళ్ళు చేసిన పని. తెలీక నేనే పెట్టాను నీ నోట్లో."

వాడు తల వంచుకుని విన్నాడు. "నేనే కొట్టానమ్మా. చాలు బాబూ అన్నాడాయన. నాకు వినపడింది. అయినా కొట్టాను." తలెత్తి, "నువ్వూ చిన్నప్పట్నించి కొరుకుతూనే ఉన్నావుగా. నువ్వెవర్ని కొట్టావు?" అన్నాడు.

ఆవిడ జవాబు చెప్పేలోపే టైమైపోయిందన్నారు.

బయటికొచ్చి రోడ్డు పక్కన గట్టు మీద కూలబడింది. "వాణ్ణే కొట్టాను మాస్టారూ. గుండు వదులైతే కొట్టాను. దారం తెగితే కొట్టాను. గరిటె కాడతో కొట్టాను. వాడు మర్చిపోయి అడిగాడో, కావాలనే అడిగాడో."

నేను ఏదో అనబోయాను.

"మీరూ కొట్టేవారుగా" అంది. నిష్ఠూరమేమీ లేదు, మామూలుగానే అంది. "సీసం అనుకోవాలా, నా చెయ్యి అనుకోవాలా, మీ బెత్తం అనుకోవాలా? లేకపోతే వాడే అలాంటోడా? ఏది చేసిందో చెప్పండి. మీరు చదువుకున్నోరు."

వాడు ఎవర్నో కరిచాడని వేళ్ళు వాచేలా కొట్టిన రోజులున్నాయి. ఆ మాట దాటేసి, నాకు తెలీదమ్మా అన్నాను.

"పోనీ ఎవరికి తెలుస్తుందో చెప్పండి. వాళ్ళ దగ్గరికే వెళ్దాం" అని చెంగు దులుపుకుని లేచింది.

అలాంటివాళ్ళు లేరని ఆవిడతో చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.