నీళ్లలో ముంచిన పడవ

నా చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదికీ ఏరు దాటి సముద్రపు ఒడ్డున ఒక పూట గడిపి రావాలని మహా కోరికగా ఉండేది. మాది ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు చేసుకునే ఇల్లు. ఆ ఏడు పంట బాగుండటంతో మా తాతయ్య ఒక పాత పడవ కొందామన్నాడు. కార్తీకమాసంలో అందరం వెళ్లి అవతలి సరుగుడు తోపులో వండుకు తినాలని అనుకున్నాం.

అందరం అంటే మా నాన్నమ్మ తప్ప. పక్షవాతంతో ఆమెకు కుడికాలు స్వాధీనం తప్పి రెండేళ్లయింది. పడవలో ఏదైనా అయితే పూచీ ఎవరిదని మా నాన్న, అత్తలు తేల్చేశారు. సముద్రం పక్కనే పుట్టి పెరిగిన మనిషి ఆమె. ఆ మాట విని గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు జాలి వేసింది గానీ, పెద్దవాళ్లు చెప్పింది ఆమె మంచికేగా అనుకున్నాను.

మూలపేట వైపు ఏటి ఒడ్డున రెండు పడవలు అమ్మకానికి ఉన్నాయంటే తాతయ్య నన్నూ వెంట తీసుకెళ్లాడు. మొదటిది తాతయ్యకు బావమరిది వరసయ్యే ఒక రైతుది. పాకలో పెట్టి, ఏటేటా రంగులేసి, కొత్త పెళ్లికూతురిలా ఉంచాడు. రెండోది మా ఇంటికి చేపలు తెచ్చే జాలరి అత్తది. ఆమె భర్త పోయాక దాన్ని నడిపేవాళ్లు లేరు. అది నీళ్లలో మునిగి ఉంది, అంచు మాత్రం పైకి కనబడుతోంది. నేను పకపకా నవ్వాను.

"ఏటే, మునిగిపోయిన పడవ సూపిత్తన్నావు?" అన్నాడు తాతయ్య.

"మునిగిపోనేదు బాబూ, మేమే ముంచినాం. నడపనప్పుడు నీల్లలోనే ఉండాల. నేకపోతే సెక్క సచ్చిపోద్ది" అంది అత్త.

మాకు ఆ మాట తలకెక్కలేదు. జీడిపిక్కయినా కొబ్బరయినా ఎంత ఎండితే అంత మేలని నమ్మిన వాళ్లం. తాతయ్య చెయ్యి రంగుల పడవ మీదే ఉంది. అత్త వాదించలేదు. దాంట్లో నాలుగు బిందెల నీళ్లు పోసి చూడమంది, అంతే.

ఒక బిందె నేనే పోశాను. ముందు పడవ కింది ఇసుక తడిసింది. నాలుగో బిందెకి చెక్కల సందుల్లోంచి నీళ్లు ధారలు కట్టాయి. రంగు కింద చెక్క ఎండి నిలువునా చీలి ఉంది. పాపం, ఆ రైతు ముఖం చూడలేకపోయాను.

"ఎండ తగల్నీనేదు, వాన తగల్నీనేదు. పిల్లని సూసినట్టు సూసినాను బావా" అన్నాడు.

"పేమగానే సూసినావు బాబూ. దాసీసినావు, అదే తప్పు" అంది అత్త మెల్లగా.

తాతయ్య ఆ ఇసుకలోనే కూలబడ్డాడు. "ఇంట్లో ముసల్దాన్నీ ఇలాగే సేసీసినాం" అన్నాడు. అంత పెద్దమనిషి కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు. అత్త పడవలోని నీళ్లు తోడించి చూస్తే ఎక్కడా చుక్క ఊరలేదు. దాన్నే బేరం చేశాడు.

ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నాన్నమ్మ మంచం దగ్గరికి వెళ్లాడు. "పడవ కొన్నాను. వత్తావేటి?" అని అడిగాడు.

ఆమె ఇటు తిరిగింది. "పడిపోతే?"

"పట్టుకుంతాను."

"అయితే వత్తాను" అంది.

కార్తీక సోమవారం నాడు ఆమెను అందరికంటే ముందు పడవెక్కించారు. ఏటి మధ్యలో పడవ ఊగితే మా నాన్న గాభరాపడ్డాడు గానీ, ఆమె నీళ్లలో చెయ్యి పెట్టి కూర్చుంది. అవతల మా నాన్న చెయ్యందిస్తే వద్దంది. కాలు ఈడ్చుకుంటూ, ఒక్కతే, తడి ఇసుకలో నాలుగడుగులు వేసి అలల ముందు నిలబడింది.

మరుసటి వేసవిలో ఆమె పోయింది. నాకిప్పుడు ఆమె వయసు దాటింది. నా వాళ్లకి ఏది క్షేమమో నాకే బాగా తెలుసని అనిపించినప్పుడల్లా ఆ రంగుల పడవ గుర్తొస్తుంది. వెళ్లి పక్కన కూర్చుని, నీకేం కావాలని అడుగుతాను. జవాబు ఎంత ఆలస్యమైనా లేచి రాను.