ఇద్దరు చాలన్న అత్త

మొన్న ఆదివారం మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక, ఏడాదిలో పుట్టిన పసిబిడ్డల్ని ముందుకు తీసుకురమ్మన్నారు పాస్టరుగారు. అందరికీ కలిపి ఒకేసారి దీవెన ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. నా చిన్నప్పుడు ఆ రోజు తల్లులు నిలబడడానికి చోటు చాలక ముందు వరుస బెంచీలు బయటికి మోయించేవారు. పిల్లల ఏడుపుల్లో ప్రార్థన ఎవరికీ వినబడేది కాదు. మొన్న వచ్చింది ఒకే ఒక్క బిడ్డ. అదీ చెన్నై నుంచి సెలవులకి వచ్చిన ఎవరి మనవరాలో. ఆ తర్వాత ఎనభై నిండినవాళ్ళకి శాలువాలు కప్పారు. తెచ్చిన శాలువాలు చాల్లేదు. అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం మా అత్త గుర్తొచ్చింది.

అత్త అంటే నాన్నగారి అక్క. ఈ దీవుల్లో మనుషులు చాలరని సర్కారు మెయిన్‌ల్యాండ్ నుంచి కుటుంబాల్ని ఓడలెక్కించి తెచ్చి, అడవి కొట్టించి, పొలాలిస్తున్న రోజుల్లో ఆవిడ కాకినాడ వైపు నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చింది. వెనకాలే నాన్నగారిని రప్పించింది. పెళ్ళి చేసుకోలేదు. నల్ల గొడుగు, మగవాళ్ళ చెప్పులు, దూరం నుంచే తెలిసిపోయే గొంతు. ఆవిడ హిందీ ఎంత ఘోరంగా ఉండేదంటే, రాంచీ నుంచి వచ్చిన గర్భిణులు పురిటి నొప్పుల్లో కూడా నవ్వేవారట. మా పేట బతు బస్తీలో, మా వరుస ఇళ్ళలో పుట్టిన పిల్లలందరూ ముందు అత్త చేతిలో పడి, తర్వాతే తల్లి ఒళ్ళోకి వెళ్ళారు. నేనూ అంతే.

నేను హైస్కూల్లో చేరేసరికి కాలం తిరగబడింది. మనుషులు చాలరన్న సర్కారే ఎక్కువయ్యారంది. ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్‌కి ఒప్పించే పని అత్త మీద పెట్టారు. అత్తకి అది ఉద్యోగం మాత్రమే కాదు. ఏడో కాన్పులో, ఎనిమిదో కాన్పులో చేతుల్లోనే పోయిన తల్లుల్ని చూసిన మనిషి. ఎండనక వాననక గడప గడపా ఎక్కేది. "పెళ్ళి కాని దానికి పిల్లల సంగతేం తెలుసు" అని వెనకాల అనుకునేవారు. ఆ మాట వినబడితే, "కనని దాన్ని కాబట్టే కళ్ళు తెరుచుకుని చూశాను" అనేది.

మా ఎదురింట్లో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన చేపల వేటవాళ్ళ కుటుంబం ఉండేది. ఆ ఇంటి కోడల్ని నేను పిన్ని అనేదాన్ని. ఆమె మా అత్తని దీదీ అనేది. ఒక కొడుకు, ఒక కూతురు. అత్త వెళ్ళి కూర్చుంటే పిన్ని అత్తగారు మండిపడింది. "ఇద్దరేటి నర్సమ్మా? దరియా మీద బతికే ఇల్లిది. రేపేటవుద్దో ఎవులికి తెలుసు?"

"ఇప్పుడు ఆస్పత్రి ఉందమ్మా, సూదిమందుంది. పుట్టిన బిడ్డ బతుకుతుంది. పూచీ నాది" అంది అత్త.

పిన్ని ఆపరేషన్ చేయించుకుంది. అందుకు బహుమానంగా క్యాంపులో ఒక ఎర్రంచు దుప్పటి ఇచ్చారు.

రెండేళ్ళ తర్వాత వానాకాలంలో మలేరియా ఆ పిల్లలిద్దరికీ మెదడుకి ఎక్కింది. పాపకి ఏడేళ్ళు, బాబుకి అయిదు. అత్త సెలవు పెట్టి ఆస్పత్రిలో వాళ్ళ మంచాల మధ్యే కూర్చుంది. వారం తిరగకుండా ఇద్దరూ పోయారు.

నెల తర్వాత ఒక సాయంత్రం నేను లెక్కలు చేసుకుంటుంటే పిన్ని వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. మడతపెట్టిన దుప్పటి అత్త మంచం మీద పెట్టింది. "ఇది నువ్వు తీసేసుకో దీదీ. నాది నాకు వాపస్ ఇప్పించు. పూచీ నీదన్నావు గదా" అంది. 

ఆ తర్వాతి ఓడకే అత్త పిన్నిని తీసుకుని మద్రాసు వెళ్ళింది. కోసిన నాళాల్ని మళ్ళీ కలిపి కుట్టే ఆపరేషన్ చేసే డాక్టరు అక్కడ ఉన్నాడని విన్నదట. "ప్రయత్నిస్తాను, మాటివ్వలేను" అన్నాడాయన. నెలన్నర తర్వాత ఇద్దరూ తిరిగొచ్చారు. అప్పటినుంచి ఎదురుచూపే. నెలనెలా ఏదో వంకతో అత్త ఎదురింటికి వెళ్ళేది. రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు కుళాయి దగ్గర, నేను వింటుండగానే పిన్ని బిందె దించి అంది. "దీదీ, నీ కళ్ళు ముందు నా కడుపు మీద పడి, తరవాత నా మొకం మీద పడతన్నాయి. ఇంక సూడకు. బస్."

అత్త ఇంక చూడలేదు. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ ఎవరినీ ఒప్పించలేదు. "మీరిద్దరూ ఆలోచించుకుని రండి" అని గొడుగు తీసుకుని లేచేది. కేసులు తగ్గాయని ఆఫీసు నుంచి మెమో వచ్చింది, ఊరికి దూరంగా ఫెరార్‌గంజ్ వైపు బదిలీ వచ్చింది. కిక్కురుమనకుండా వెళ్ళింది. చాలా ఏళ్ళకి, రిటైరై తిరిగొచ్చాక ఒకసారి నాతో, "ఇద్దరు చాలని చెప్పడం తప్పు కాదే. రేపటికి పూచీ ఇచ్చాను చూడు, అదే తప్పు" అంది.

నాకు అమ్మాయి పుట్టాక, ఇంక చాలనుకున్నానని అత్తతో చెప్పాను. ఆవిడ ముసలిదైపోయింది అప్పటికి. నా మొహంలోకి చూసి, "ఎవరైనా చెప్పారా, నువ్వే అనుకున్నావా?" అనడిగింది. నేనే అన్నాను. "అయితే సరే" అంది. నన్నే కాదు, మా వరుసలో నా ఈడువాళ్ళెవరినీ ఎవరూ ఒప్పించలేదు. ఒక్కరు, మహా అయితే ఇద్దరు. ఆ ఒక్కరూ చదువుకి వైజాగో హైదరాబాదో వెళ్ళారు, ఉద్యోగం అక్కడే అన్నారు. మా అమ్మాయీ అంతే. పిల్లల మాటెత్తితే, "అమ్మా, ప్లీజ్" అంటుంది. మేము మాత్రం మందులతో, మోకాళ్ళ పట్టీలతో హాయిగా బతికేస్తున్నాం. పుట్టిన బిడ్డ బతుకుతుందని అత్త చెప్పిన మాట నిజమైంది. పుట్టడమే తగ్గింది.

పిన్నికి ఇప్పుడు ఎనభై నాలుగేళ్ళు. భర్త పోయాడు. అత్త పోయి కూడా పద్దెనిమిదేళ్ళయింది. చివరి నెలల్లో ఆవిడకి గంజి తాగించింది పిన్నే. చర్చి నుంచి వస్తూ ఆమె దగ్గర కూర్చుని, జరిగింది చెప్పాను. అంతా విని, వీధి వైపు చూస్తూ అంది. "అప్పట్లో నా ఒక్క కొంపే ఖాళీ అయిందని ఎంత ఏడ్సినానో. ఇప్పుడు సూడు, లైనంతా నా కొంపే."

ఆమెకి ఒక్క వానాకాలంలో జరిగింది, మాకు నలభై ఏళ్ళ మీద జరిగింది. నెమ్మదిగా జరిగింది కాబట్టి మేమెవరమూ ఏడవలేదు.