కరెంటు పోయేలోపు కప్ప నరాల బొమ్మ

మల్లన్న మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

తొంభైలలో నేను సిద్దిపేటలో కంప్యూటర్ క్లాసులు నడిపేవాణ్ణి. కప్ప నరాల మీద పరిశోధన చేస్తున్న మా బామ్మర్ది, కొమురవెల్లి మల్లన్న దర్శనానికి వచ్చిన తన ప్రొఫెసరుగారిని మా క్లాసుకు తీసుకొచ్చాడు. వాడు ఫ్లాపీలో తెచ్చిన కొలతల్ని బొమ్మగా చూపించడానికి నేనో ప్రోగ్రాం రాసిపెట్టాను. నరం స్పందించిన ప్రతిసారీ తెర మీద ఒక చిన్న నిలువు గీత పడాలి. అలా వరసలు వరసలుగా బొమ్మ రావాలి. నా ప్రోగ్రాం ఒక్కో గీతా గీసుకుంటూ నత్తలా పాకుతోంది.

"బావా, జర జల్ది! కరెంటు కోత టైమైతుంది. ఇయ్యాల బొమ్మ చూపియ్యకుంటే సారు నన్ను పరిశోధనల నుంచి తీసేస్తడు!" అని బామ్మర్ది నా చెవిలో గొణిగాడు.

"ఏమయ్యా, నీ కప్ప పండుకున్నదా?" అన్నారు సారు.

నాకు రోషం వచ్చింది. ప్రోగ్రాం ఆపేసి, గీతలన్నీ ముందు మెమరీలో పేర్చుకుని ఒక్కసారే తెర మీదికి వచ్చేలా మార్చాను. మీట నొక్కానో లేదో, బొమ్మంతా ధన్‌మని పడింది. ఆ వేగానికి సారు కళ్లజోడు ఎగిరి కిటికీ అవతల పడింది!

"శభాష్! నీ పని నడిపించుకో పో" అన్నారు సారు బామ్మర్దితో. మరుక్షణమే కరెంటు పోయింది. వాడు నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు.

ఎన్ని కొత్త కంప్యూటర్లు వచ్చినా, నాకు అంత వేగం మళ్లీ కనబడలేదు. అన్నట్టు, కళ్లజోడు సంగతి మాత్రం నా కల్పన. సారుకు అసలు కళ్లజోడే లేదు.